‘బూట్ పాలిష్’ (1954): ఆకలితో ఉన్న చెల్లెల్ని భోలా కొట్టడం న్యాయమేనా?

పాతరీలు

రాజ్ కపూర్ పేరెత్తితే మన వేదికలో మాటలన్నీ ‘ఆవారా’, ‘శ్రీ 420’ చుట్టూనే తిరుగుతాయి. ఆ రెంటికీ మధ్య 1954లో ఆర్.కె. ఫిల్మ్స్ నుంచి వచ్చిన ‘బూట్ పాలిష్’ మీద ఇక్కడ ఒక్క థ్రెడ్ కూడా కనబడలేదు. అందుకే మొదలుపెడుతున్నా.

ముందు ఏడాది వచ్చిన ‘ఆహ్’ సరిగా ఆడలేదు. అలాంటప్పుడు ఏ నిర్మాతైనా చేతిలో ఉన్న నర్గీస్‌తో ఇంకో ప్రేమకథే తీస్తాడు. ఈయన నర్గీస్‌నీ తననీ పక్కనపెట్టి, ఇద్దరు పసిపిల్లలనీ ఒక బట్టతల మనిషినీ నమ్ముకుని సినిమా తీశాడు. తను రైల్లో నిద్రపోతూ కాసేపు కనబడతాడు, అంతే. దర్శకుడిగా పేరు ప్రకాశ్ అరోరాది. చాలా భాగం రాజ్ కపూరే తీశాడని సినిమావాళ్లు చెప్పుకుంటారు.

కథ తెలియనివాళ్లకు: బొంబాయి మురికివాడలో అన్నాచెల్లెళ్లు భోలా, బేలు. తల్లి చచ్చిపోతే కమల అనే పిన్ని వరసావిడ చేతిలో పడతారు. ఆవిడ ఒళ్లమ్ముకుని బతుకుతుంది, వీళ్లను అడుక్కురమ్మని తరుముతుంది. తెచ్చిన డబ్బులు లాక్కుంటుంది, తక్కువైతే బాదుతుంది. అదే వాడలో ఉండే జాన్ చాచా (డేవిడ్) వాళ్లకు ఒకటే చెబుతాడు: చెయ్యి చాచకండి, పని చేసుకుని బతకండి. పిల్లలు పిన్ని కంటపడకుండా పైసా పైసా కూడబెట్టి పాలిష్ డబ్బా, బ్రష్షు కొనుక్కుంటారు. ఆవిడకు తెలిసిపోతుంది. కొట్టి వీధిలోకి గెంటేస్తుంది.

తర్వాత వానాకాలం వస్తుంది. వానలో ఎవరు బూట్లు పాలిష్ చేయించుకుంటారు? పస్తులు. ఆ రాత్రి ఒకాయన నాణెం విసురుతాడు. భోలా తీసుకోడు. బేలు ఆకలికి ఆగలేక తీసుకుంటుంది. భోలా దాని చెంప మీద ఒక్కటి కొడతాడు. నాణెం జారి పడిపోతుంది.

ఈ సినిమా అంతా ఆ ఒక్క దెబ్బలో ఉందని నా నమ్మకం. పేదరికం చూపించి ఏడిపించే సినిమాలు మనకు బోలెడు. పేదపిల్లాడికి కూడా ‘ఇది నేను చెయ్యను’ అనే హద్దు ఉంటుందని, ఆ హద్దు కోసం వాడు ఎంతదాకానైనా వెళ్తాడని చూపించినవి తక్కువ. మీరేమంటారు? భోలా చేసింది న్యాయమేనా?

కృష్ణలంక_కుర్రాడు

నూటికి నూరుపాళ్లు న్యాయం అన్నా. ఆ నాణెం ఆ రాత్రి తీసుకుంటే తెల్లారి మళ్లీ చెయ్యి చాస్తారు. వాడు కొట్టింది చెల్లెల్ని కాదు, మళ్లీ వెనక్కి లాగుతున్న ఆ పాత బతుకుని. కొట్టాక వాడి మొహం చూడండి. దానికంటే వాడికే ఎక్కువ నొప్పి.

తునికాకు

నేనైతే ఒప్పుకోను.

అన్నకు పౌరుషం ఉన్నది, మంచిదే. కానీ ఆ రాత్రి ఆకలి ఇద్దరిదీ. వాడు తన పౌరుషానికి తాను పస్తుంటే అది వాడిష్టం. చెల్లె కడుపు మీద వాడికేం హక్కున్నది? మన సినిమాలల్ల ఎప్పుడూ ఇంతే. ఇంటి మర్యాద అన్నది అన్న నెత్తిమీద ఉంటది, దాని బరువు మాత్రం చెల్లె మోస్తది.

మాది నిజామాబాద్ దిక్కు. మా అమ్మ బీడీలు చేసేది. మా అక్క ఏడో తరగతి మధ్యలో బడి బంద్ చేసి అమ్మ పక్కన చాట ముందల పెట్టుకుని కూసున్నది. తునికాకు నానబెట్టుడు, కత్తిరించుడు, తంబాకు నింపి చుట్టుడు, దారం కట్టుడు, పొద్దుగూకే వరకు అదే పని. ఆ పైసలతోటే మేము ముగ్గురం చదువుకున్నం. మా ఇంట్ల ఎవరూ బిచ్చమెత్తలేదు, ఎవరి ముందలా చెయ్యి చాపలేదు. ఊర్లె అందరు మా అమ్మను మెచ్చుకునేది. మా అక్కను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ‘నువ్వు చదువుకుంటవా’ అని ఒక్కరన్న అడగాల్సి ఉండె.

బేలును గూడ సినిమాల ఎవరూ అడగలే. జాన్ చాచా పాఠం చెప్పిండు, అన్న విన్నడు, అన్న దానికి చెప్పిండు. అది ‘సరే’ అన్నది. ఆకలైన రాత్రి మాత్రం దాని చెయ్యి దాని మాట చెప్పింది. నా మట్టుకు ఆ సినిమాల అందరికంటే నిజం మాట్లాడింది ఆ చెయ్యే.

పాతరీలు

తునికాకు గారూ, మీ పోస్టు చదివాక ఆ సీను మళ్లీ పెట్టుకుని చూశాను. మీరన్న కోణం సినిమాలోనే ఉందనిపిస్తోంది. కెమెరా ఆ పిల్ల ఆకలిని దాచదు. దాన్ని దురాశ అని చూపించదు. బేలుగా వేసిన బేబీ నాజ్ మొహంలో తప్పు చేసిన భావం ఉండదు, బిత్తరపోవడం ఉంటుంది. ‘ఎందుకు కొట్టావు’ అన్న ప్రశ్నను అలాగే ఉంచి సినిమా ముందుకు వెళ్తుంది.

దెబ్బ పడిన వెంటనే పోలీసులు వస్తారని కూడా గుర్తుంచుకోవాలి. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ కలిసి ఉన్న చివరి ఘడియ అది. భోలా పట్టుబడతాడు, బేలు రైలెక్కి తప్పించుకుంటుంది. తర్వాత సినిమా సగం భోలాకు ఆ దెబ్బ తాలూకు శిక్షే.

పాటలపెట్టె

పాటల సంగతి ఎవరూ ఎత్తకపోతే ఎలా!

శంకర్ జైకిషన్ సంగీతం. ‘నన్హే మున్నే బచ్చే’ పాటలో రఫీ గొంతు జాన్ చాచాకి, ఆశా భోస్లే గొంతు పిల్లలకి. పాట పొడుగునా ఆయన అడుగుతాడు, పిల్లలు జవాబిస్తారు. మీ పిడికిట్లో ఏముంది అంటే మా తలరాత ఉందంటారు. రాసింది శైలేంద్ర. నీతిపాఠాన్ని ప్రశ్నా జవాబుల ఆటగా మార్చడం వల్లే ఆ పాట ఇన్నేళ్లయినా పాఠంలా వినిపించదు.

ఇంకో పాట, జైల్లో ఖైదీలంతా వాన కోసం పాడేది, ‘లపక్ ఝపక్’. మన్నా డే అడాణా రాగంలో పాడాడు. జైల్లో బట్టతలల వాళ్లంతా చేరి మేఘాన్ని పిలుస్తుంటే నవ్వొస్తుంది. కానీ కథలో దాని చోటు చూడండి. లోపల దొంగసారా కేసులో జైలుకెళ్లిన జాన్ చాచా సరదాగా వానను పిలుస్తున్నాడు. బయట ఆ వానే పిల్లల పొట్టకొట్టబోతోంది. ఇంత క్రూరమైన మలుపును నవ్వుల పాట వెనక దాచిన తీరు నాకు మహా ఇష్టం.

తలత్ మెహమూద్, ఆశా పాడిన ‘చలీ కౌన్ సే దేశ్’ కూడా వినండి. అందులో తెరమీద పాడుతూ కనిపించే మనిషి శైలేంద్రే.

గూటిబండి

శైలేంద్ర పేరు వచ్చింది కాబట్టి ఒక మాట.

సినిమాల్లోకి రాకముందు ఆయన బొంబాయిలో రైల్వే వర్క్‌షాపులో వెల్డింగ్ పని చేశాడు. ఇప్టా అనే వామపక్ష నాటక సంఘంలో పాటలు చదివేవాడు. దళిత కుటుంబం నుంచి వచ్చినవాడని చాలా ఏళ్ల తర్వాత ఆయన కొడుకే బయటపెట్టాడు. ఈ సంగతి తెలిశాక ‘బూట్ పాలిష్’ చూస్తే నాకు ఇంకోలా కనబడింది.

చెప్పు ముట్టుకోవడం అనేది ఈ దేశంలో ఉత్త పని కాదు. తోలు పని, చెప్పుల పని ఏ కులాల నెత్తిన పెట్టారో మనందరికీ తెలుసు. సినిమాలో జాన్ చాచా ‘ఏ పనీ చిన్నది కాదు’ అంటున్నప్పుడు ఆ మాట వెనక ఎన్ని వందల ఏళ్ల అవమానం ఉందో సినిమా చెప్పదు. భోలా, బేలు కులమేమిటో మనకు చెప్పరు. పిల్లలు పాలిష్ డబ్బా పట్టుకోగానే అది స్వాతంత్ర్యంలా కనిపిస్తుంది. అదే డబ్బా తాతల కాలం నుంచి తప్పనిసరిగా పట్టుకున్నవాళ్లకు అది స్వాతంత్ర్యంలా ఎట్లా కనిపిస్తుంది?

సినిమాను తిట్టడానికి ఈ మాట అనడం లేదు. నాకు నచ్చిన సినిమానే. అన్నం పెట్టే పనికి గౌరవం ఇవ్వమని అడిగింది, మంచిదే. ఆ గౌరవాన్ని ఎవరు ఎగ్గొట్టారో కూడా అడిగి ఉంటే ఇంకా గొప్ప సినిమా అయ్యేది.

కృష్ణలంక_కుర్రాడు

గూటిబండి అన్నా, ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. నిజమే, వాళ్లను కులం లేని అనాథలుగా పెట్టడం వల్లే ‘ఏ పనైనా చెయ్యొచ్చు’ అనే మాట అంత తేలిగ్గా నడిచిపోయింది.

బడిగంట

నేను ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. ఈ సినిమా మీద నాకు ప్రేమా ఉంది, పోట్లాటా ఉంది.

పోట్లాట ఎక్కడంటే, పిల్లల ముందు సినిమా పెట్టిన దార్లు రెండే: అడుక్కోవడం, పని చేయడం. మూడోది, అంటే బడి, జాన్ చాచా నోటి నుంచి గట్టిగా రాదు. 1954 సంగతి కాస్త గుర్తుచేసుకోండి. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 45వ అధికరణంలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించేందుకు ప్రయత్నించాలని రాసుకున్నాం. అంటే ఈ సినిమా ఆ పదేళ్ల గడువు మధ్యలో వచ్చింది. గడువు 1960లో దాటిపోయింది. చదువు హక్కుగా చట్టమై అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. యాభై ఏళ్ల ఆలస్యం. ఆ యాభై ఏళ్లలో ఎన్ని లక్షలమంది భోలాలు డబ్బా పట్టుకున్నారో, వాళ్లందరికీ మనం జాన్ చాచా మాటే చెప్పాం: ‘కష్టపడు నాయనా, కష్టే ఫలి’.

రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ చేసిన పని మనలో చాలామందికి తెలుసు. శాంతా సిన్హా గారు, ఆమెతో పనిచేసిన వాళ్లు పట్టుకున్న సూత్రం ఒక్కటే: బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే, ప్రతి పిల్లాడూ బాల కార్మికుడే. ఈ పని మంచిది, ఆ పని చెడ్డది అనే వాదనే వద్దన్నారు. జీతాలకున్న పిల్లల్ని విడిపించి, క్యాంపుల్లో కొన్నాళ్లు చదివించి, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. ‘పేదవాళ్లు పిల్లల్ని పనికి పంపక ఏం చేస్తారు’ అన్నవాళ్లకు ఊళ్లకు ఊళ్లే జవాబు చెప్పాయి. పేద తల్లిదండ్రులు అవకాశం కనబడితే బడికే పంపుతారని తేలింది. శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది, తర్వాత బాలల హక్కుల జాతీయ కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలయ్యారు.

అది చూసినదాన్ని కాబట్టి, ‘పని చేసి బతకండి’ అని తొమ్మిదేళ్ల పిల్లకు చెప్పడం నాకు మింగుడుపడదు.

పాతరీలు

బడిగంట టీచర్ గారూ, మీ వాదన బలమైనదే. కానీ కథలో జాన్ చాచా ఎవరు? ఆయన చేతిలో బడి లేదు. సొంతంగా తిండికి కూడా లేనివాడు. పిల్లల్ని ఒక చేతి దెబ్బ నుంచి, ఒక అవమానం నుంచి తప్పించడమే ఆయనకు చేతనైన పని. ప్రభుత్వం చెప్పాల్సిన మాట ఆయన చెప్పలేదని ఆయన్ను తప్పుపట్టలేను.

పైగా ఆయనే దొంగసారా కాసి అమ్ముకుంటాడు. బొంబాయి రాష్ట్రంలో 1949 చట్టంతో మద్యనిషేధం వచ్చింది. అలా ఆ పని నేరమైంది, ఆయన జైలుకు పోయాడు. పిల్లలకు నీతి చెప్పే మనిషే చట్టం ముందు నేరస్తుడు. ఆ వైరుధ్యాన్ని సినిమా కప్పిపుచ్చకపోవడమే నాకు నచ్చుతుంది. డేవిడ్ దాన్ని ఎంత హుందాగా మోశాడో! కుంటుతూ నడుస్తాడు, నవ్వుతాడు, తనలోని లోపం తెలిసినవాడిలా మాట్లాడతాడు. ఆ వేషానికి ఫిలింఫేర్ ఉత్తమ సహాయ నటుడి అవార్డు వచ్చింది. సినిమాకు ఉత్తమ చిత్రం అవార్డు కూడా.

తునికాకు

టీచరమ్మ చెప్పింది నాకు కండ్లల్ల నీళ్లు తెప్పించింది. మా అక్క బడి బంద్ చేసిన నాడు అట్లాంటి మనిషి ఒక్కరు మా ఇంటికొచ్చి ఉంటే బాగుండు.

పాతరీలు అన్నా, జాన్ చాచాను నేను కూడా తప్పుపడతలేను. ఆయన దగ్గర ఉన్నది ఆయన పెట్టిండు. నా కోపం ఆయన మీద కాదు, ఆయన మాట విని చప్పట్లు కొట్టి ఇంటికి పోయిన మన మీద.

డాలస్‌లో_తెనాలి

ముగింపు గురించి ఎవరూ మాట్లాడరేం? నాకు ఈ సినిమాలో మింగుడుపడనిది అదే.

రైల్లో ఒక ధనవంతుల కుటుంబం బేలును చేరదీస్తుంది. భోలా బయటికొచ్చి చెల్లెలి కోసం ఊరంతా తిరుగుతాడు. పని దొరకదు. చివరికి తను ఏది చెయ్యనని చెల్లెల్ని కొట్టాడో అదే చేస్తాడు. రైల్వే స్టేషన్లో చెయ్యి చాస్తాడు, ఎదురుగా బేలు! సిగ్గుతో పరుగెత్తుతాడు. ఇక్కడికి సినిమా ఆగిపోయి ఉంటే ప్రపంచంలో గొప్ప సినిమాల్లో ఒకటయ్యేది. కానీ జాన్ చాచా వెంటపడి పడిపోతాడు, భోలా ఆగుతాడు, అన్నాచెల్లెళ్లు కలుస్తారు, ఆ ధనవంతులే వాడినీ పెంచుకుంటారు. రెండున్నర గంటలు ‘మీ తలరాత మీ పిడికిట్లో ఉంది’ అని చెప్పి, చివరికి తలరాతను డబ్బున్నవాళ్ల చేతిలో పెట్టేశారు.

పోల్చి చూడండి. ఇటలీలో విటోరియో డి సికా 1946లోనే ‘షూషైన్’ తీశాడు. అక్కడా బూట్లు తుడిచే ఇద్దరు పిల్లలు, అక్కడా పోలీసులు, పిల్లల జైలు. అందులో ఒకడు చచ్చిపోతాడు, స్నేహం కూడా చచ్చిపోతుంది. ఎవరూ వచ్చి పెంచుకోరు. 1952లో మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం బొంబాయి, మద్రాసు, ఢిల్లీ, కలకత్తాల్లో జరిగినప్పుడు ఇటలీ సినిమాలు చూసి మనవాళ్లు కదిలిపోయారు. బొంబాయి సినిమా వీధుల్లోకి రావడానికి అదొక కారణం. కానీ ధైర్యం సగమే తెచ్చుకున్నారు.

పాటలపెట్టె

తెనాలి అన్నా, నేను ఒప్పుకోను. యుద్ధంలో ఓడిపోయిన దేశం తీసిన సినిమా అది. ఇది స్వాతంత్ర్యం వచ్చి ఏడేళ్లయిన దేశం తీసిన సినిమా. రేపు బాగుంటుందని నమ్మాల్సిన అవసరం ఇక్కడి ప్రేక్షకుడికి ఉంది. నేల టికెట్లో కూర్చున్నవాళ్లలో సగంమంది అలాంటి వాడల్లోంచి వచ్చినవాళ్లే. వాళ్ల ముందు భోలాను చంపి ఇంటికి పంపడం ధైర్యమని నేననుకోను.

డాలస్‌లో_తెనాలి

చంపమనలేదు తమ్ముడూ. ధనవంతుల బంగళా కాకుండా ఇంకో దారి చూపించమంటున్నా. టీచర్ గారు చెప్పిన బడి గేటు చూపించినా నాకు చాలేది. ఏడాది ముందే ‘దో బీఘా జమీన్’లో బిమల్ రాయ్ ఏ ధనవంతుణ్నీ తీసుకురాలేదు. రైతు భూమి పోయింది, అక్కడ ఫ్యాక్టరీ లేచింది, అంతే. ఆ సినిమానూ మనవాళ్లు ఆదరించారు కదా. ఫిలింఫేర్ మొట్టమొదటి ఉత్తమ చిత్రం అదే.

రైలుకూత

‘దో బీఘా జమీన్’ అన్నారు కాబట్టి: అందులో రైతు కొడుకు కన్హయ్యగా వేసినవాడూ ఈ భోలానే, రతన్ కుమార్. కలకత్తా వీధుల్లో బూట్లు పాలిష్ చేస్తాడు. మరుసటి ఏడాది బొంబాయి వీధుల్లో మళ్లీ అదే డబ్బా. తర్వాత ‘జాగృతి’. ఫిలింఫేర్ మొదటి మూడు ఉత్తమ చిత్రాలు ఈ మూడే, మూడింటిలోనూ ఆ పిల్లాడున్నాడు. తర్వాత కుటుంబంతో పాకిస్తాన్ వెళ్లిపోయి అక్కడా సినిమాలు చేశాడు.

బేబీ నాజ్ సంగతి మన తెలుగువాళ్లు తెలుసుకోవాల్సినది. 1955లో కాన్ చిత్రోత్సవంలో ఈ సినిమాకు ఆ పిల్లకు ప్రత్యేక ప్రశంస దక్కింది. అప్పటికి పదేళ్లు. తర్వాత ‘దేవదాస్’లో చిన్నప్పటి పారో, ‘కాగజ్ కే ఫూల్’లో గురుదత్ కూతురు. పెద్దయ్యాక కుమారి నాజ్ పేరుతో చిన్నాపెద్దా వేషాలు వేసింది. 1980లలో మన శ్రీదేవి హిందీకి వెళ్లినప్పుడు మొదట్లో చాలా సినిమాలకు డబ్బింగ్ గొంతు ఈమెదే. తెరమీద శ్రీదేవి నవ్వుతుంటే వినిపించింది బేలు గొంతన్నమాట. 1995లో పోయారు.

నాకు ఒక్క బాధ. పిల్లలు పనిచేయడం గురించి ఇంత గొప్పగా నటించిన ఆ ఇద్దరూ కూడా పనిచేస్తున్న పిల్లలే. ఆ మాట సినిమా చూస్తున్నంతసేపూ నన్ను వదలదు.

పాతరీలు

రైలుకూత గారూ, మొదటి మూడు అవార్డులూ ఒకే పిల్లాడి సినిమాలకని ఇప్పటిదాకా గమనించలేదు. మంచి సంగతి చెప్పారు.

స్టేషన్‌దగ్గర

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. సినిమా విద్య గురించి నాకు పెద్దగా తెలియదు. ఒక పెద్ద రైల్వే జంక్షన్లో ఒంటరిగా దిగే పిల్లలతో మాట్లాడే పని నాది. అక్కడి నుంచి ఈ సినిమా ఎలా కనబడుతుందో చెబుతాను.

భోలాను పోలీసులు పట్టుకోవడం, బేలు రైలెక్కడం మీలో కొందరికి కథ కోసం అతికించిన మలుపుగా అనిపించొచ్చు. మాకు అది రోజువారీ సంగతి. అన్నాచెల్లెళ్లు ప్లాట్‌ఫారం మీద దొరికితే మొదట వాళ్లు అడిగేది అన్నం గురించి కాదు, ‘మమ్మల్ని విడదీస్తారా’ అని అడుగుతారు. మగపిల్లల హోం వేరు, ఆడపిల్లల హోం వేరు. చట్టం మంచికోసమే రాశారు, కారణాలూ ఉన్నాయి. కానీ ఎనిమిదేళ్లుగా చెల్లెలి చెయ్యి వదలని అన్నకు ఆ కారణాలు ఏ భాషలో చెప్పాలి? కొందరు ఆ భయంతోనే మా చొక్కా కనబడగానే కదిలే రైలెక్కేస్తారు. బేలు చేసింది అదే.

చెంపదెబ్బ గురించి. పెద్దపిల్లలు చిన్నవాళ్లను కొట్టడం మేము చూస్తూనే ఉంటాం. అమ్మా నాన్నా పోలీసూ తనే అయిపోయినవాడికి వేరే సాధనం ఏమీ తెలియదు. వాడిని కొట్టిన చేతులే వాడికి నేర్పాయి. కమల కొట్టింది, వీడు కొట్టాడు. ఆ గొలుసు సినిమా గమనించిందో లేదో గానీ, తెరమీద మాత్రం ఉంది. అందుకే ‘న్యాయమేనా’ అన్న ప్రశ్న భోలా మీద వేయడం నాకు కష్టంగా ఉంది. తొమ్మిదో పదో ఏళ్లవాడు. వాడి తరఫున ఆ రాత్రి బాధ్యత తీసుకోవాల్సిన పెద్దవాళ్లు ఎక్కడున్నారు? వాడున్నది వానలో, వాడి ఒక్కగానొక్క పెద్దదిక్కు ఉన్నది జైల్లో.

1954కీ ఇప్పటికీ మారినవి ఉన్నాయి. పిల్లలతో అడుక్కు తెప్పించేవాళ్లకు 2015 బాలల న్యాయ చట్టం కింద ఐదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. పిల్లల సహాయానికి 1098 ఫోన్ నంబరుంది, స్టేషన్లలో పిల్లల సహాయ కేంద్రాలున్నాయి. తెలంగాణ పోలీసులు జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పిల్లల్ని వెతుకుతారు. కమల లాంటివాళ్లు ఇప్పుడూ ఉన్నారు, కానీ చట్టం ముందు ఆవిడ నేరస్తురాలు. సినిమాలో మాత్రం ఆవిడ ఇంట్లో మనిషి, అంతే.

ముగింపు గురించి డాలస్ అన్నగారు అన్నది నిజమే, అలా ధనవంతులు వచ్చి తీసుకుపోవడం మేమెప్పుడూ చూడలేదు. కానీ స్టేషన్లో చెల్లెలు అన్నను గుర్తుపట్టి వెంటపడి పరుగెత్తే ఆ ఘట్టం ఉంది చూడండి, దాన్ని అబద్ధమనలేను. హోంలలో ఉన్న పిల్లలు ఎన్నేళ్లయినా ‘మా అన్న ఎక్కడున్నాడో తెలిసిందా’ అని అడుగుతూనే ఉంటారు. దొరికినప్పుడు వాళ్లు మనలాగా మాట్లాడుకోరు. ఒకరినొకరు గట్టిగా పట్టుకుని నిలబడిపోతారు.

కృష్ణలంక_కుర్రాడు

అన్నా, మీ పోస్టుకు దండం. మాది విజయవాడే. మా స్టేషన్ దగ్గర నవజీవన్ బాలభవన్ వాళ్లు ఇలాంటి పిల్లల కోసం ఏళ్ల తరబడి పనిచేయడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. భోలా మీద తీర్పు చెప్పేముందు వాడి వయసు గుర్తుపెట్టుకోవాలన్నది మాత్రం మనసుకు పట్టింది.

గూటిబండి

> కమల కొట్టింది, వీడు కొట్టాడు. ఆ గొలుసు

ఈ ముక్క మీద ఇంకొంచెం. కమలను రాక్షసిలా తీశారు, ఆ వేషంలో చాంద్ బర్క్ నిజంగానే భయపెట్టింది. కానీ ఆవిడ కూడా అదే వాడలో, అదే ఆకలిలో ఒళ్లమ్ముకుని బతికే మనిషి. సారా కాసే జాన్ చాచాకు సినిమా ఇచ్చిన జాలిలో వీసమెత్తు కూడా ఆవిడకు ఇవ్వలేదు. ఇద్దరూ చట్టం ముందు ఒకటే. మగవాడికి క్షమాపణ దొరికింది, ఆడమనిషికి దొరకలేదు. తునికాకు అక్క మొదట్లో అన్నదానికి ఇది ఇంకో సాక్ష్యం.

బడిగంట

స్టేషన్‌దగ్గర గారు రాసింది మా స్టాఫ్‌రూమ్‌లో చదివి వినిపించాను. ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఈ సినిమా చూపిద్దామని అనుకుంటున్నాం. నలుపు తెలుపు సినిమా, హిందీ మాటలు, అయినా తారా దత్ కెమెరా పనితనానికి పిల్లలు కదలకుండా చూస్తారని నా నమ్మకం. రెండున్నర గంటలు ఒకేసారి కుదరదు, రెండు భాగాలు చేయాలి. ఎక్కడ ఆపమంటారు? మా తోటి మాస్టారు ‘నన్హే మున్నే’ పాట తర్వాత ఆపమంటున్నారు, పిల్లలు ఉత్సాహంగా ఇంటికి వెళ్తారని.

పాటలపెట్టె

పాట తర్వాతే ఆపండి టీచర్ గారూ. ఆ రోజంతా పిల్లలు పాడుకుంటారు.

స్టేషన్‌దగ్గర

మీ తరగతిలో ఇంటి దగ్గర దెబ్బలు తినే పిల్లలు ఉండొచ్చు. కమల కొట్టే సీన్లు వచ్చేటప్పుడు దగ్గరే ఉండండి. సినిమా అయ్యాక ఎవరైనా విడిగా వచ్చి మాట్లాడతామంటే టైమివ్వండి. 1098 నంబరు బోర్డు మీద రాసి ఉంచండి.

తునికాకు

టీచరమ్మా, పాట కాడ ఆపకండి. చెంపదెబ్బ కాడ ఆపండి. నాణెం కింద పడ్డంక బంద్ చేసి, ‘ఇప్పుడు ఎవరు ఏం చేయాలె’ అని అడగండి. ముందుగాల ఆడపిల్లలను అడగండి, మగపిల్లలు మధ్యల మాట్లాడకుంట చూడండి. వాళ్లేం చెప్పిండ్రో ఇక్కడ రాయండి, మా అక్కకు చదివి వినిపిస్త.